మదాం సొలాంజ్ అయిదో గౌను

వాసంతి పొద్దున్నే స్టవ్వు వెలిగించకముందే ఒక భయం వెలిగించుకుంటుందని ఆమె మొగుడు గంగాప్రసాద్ ఎగతాళి చేస్తుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. నాలుగేళ్ళ కూతురు సంజన ఒకసారి తుమ్మితే జలుబు, రెండోసారి తుమ్మితే నిమోనియా. బయట ఇసుకగాలి లేచిందంటే ఏసీలు బాగుచేయడానికి మేడల మీదికెక్కే మొగుడు జారిపడ్డట్టే. ఫోను మోగితే ఊళ్ళో ఎవరికో ఏదో అయినట్టు. మోగకపోతే, అయిన సంగతి తనకు చెప్పకుండా దాస్తున్నట్టు.

"గిన్ని భయాలు ఏడ దాస్తున్నవే? మనకున్నదే ఒక్క అర్ర" అంటాడు గంగాప్రసాద్.

"నువ్వు నవ్వకు. నువ్వు గట్ల నవ్వితే నాకు ఇంక భయమైతది" అంటుంది వాసంతి.

ఆ ఒక్క గది గల్ఫులో, అల్ ఐన్ అనే ఊళ్ళో, నాలుగు కుటుంబాలు పంచుకుని ఉండే ఒక పాత విల్లాలో. కిటికీ పక్కన కుట్టుమిషను. జగిత్యాల దగ్గర పల్లెలో తొమ్మిదో తరగతి నడుమ బడి మానిపించి మేనత్త దగ్గర మిషను ముందు కూర్చోబెట్టినప్పుడు వాసంతి వారం రోజులు ఏడ్చింది. ఆ తరువాత ఆ పనే ఆమెకు ధైర్యమైంది. లోకంలో ఏది ఎటు పోతుందో తెలియదు గానీ, గుడ్డ మాత్రం కొలిచినట్టే తెగుతుంది, కత్తిరించినట్టే కూర్చుంటుంది. మిషను తిరుగుతున్నంతసేపూ ఆమెకు ఏ భయమూ గుర్తురాదు.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక సాయంత్రం కృష్ణవేణి జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చింది. కృష్ణవేణిది కాకినాడ. అల్ ఐన్‌లో ఫ్రెంచి పిల్లలు చదివే ఒక బళ్ళో ఆఫీసు పని చేస్తుంది, ఆ భాష కూడా నేర్చుకుంది. జాకెట్టు చూసుకుంటూనే అంది.

"వాసంతీ, నీకో మంచి పని తెచ్చానమ్మా. ఫ్రాన్సులో సినిమాల్లో, నాటకాల్లో చేసినావిడ ఈ ఊళ్ళోనే ఉంటున్నారు. ఆవిడ పాత గౌన్లు సరిచెయ్యాలిట. నీ పేరు చెప్పాను."

"సినిమా యాక్టరా! వద్దక్కా. నా కత్తెర జారిందనుకో, ఆమె గౌను ఖరాబైందనుకో..."

"నీ కత్తెర జారడం నేనెప్పుడన్నా చూశానా?"

"ఇప్పటిదాంక జారలేదు గాబట్టే భయం. ఎన్నడో ఒకనాడు జారాలె గద."

కృష్ణవేణి నెత్తి కొట్టుకుని నవ్వి, మర్నాడే ఆమెను కారెక్కించుకుని తీసుకుపోయింది.

ఆవిడ పేరు సొలాంజ్ బెర్తెలాన్. డెబ్బై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా, తెల్లజుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉంది. కూతురు క్లేర్ అల్ ఐన్ ఆసుపత్రిలో డాక్టరు. 2020లో రెండు వారాలు కూతుర్ని చూసిపోదామని వచ్చిన మదాం, కరోనాకు విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయింది. విమానాలు మళ్ళీ ఎగిరేనాటికి మోకాళ్ళ నొప్పి తగ్గిపోయింది, పెరట్లో ఖర్జూరాలు పండాయి, ఇక పోవాలనిపించలేదుట.

మదాం మాట్లాడేది ముక్కలు ముక్కలు ఇంగ్లీషు. వాసంతికి వచ్చింది దానికంటే చిన్న ముక్కలు. అయితే మదాం నోటితో సగం మాట్లాడితే చేతులతో సగం మాట్లాడుతుంది, మిగిలితే కనుబొమలతో. రెండో రోజుకే వాసంతికి కృష్ణవేణి అవసరం తప్పిపోయింది.

గది మధ్యలో పెద్ద ట్రంకు పెట్టె. మదాం దాని మూత తెరిచి, "ఇదీ నా జీవితం. నాఫ్తలీన్ వాసన కొడుతుంది, ఏమనుకోకు" అంది.

సంగతేమిటంటే, ఆ ఫ్రెంచి బడిలో నాటకాలు నేర్పే పంతులమ్మ మదాంను పట్టుకుంది. మా హాల్లో ఒక సాయంత్రం మీ కథ మీరే చెప్పండి, ఒక్కో గౌను వేసుకుని ఒక్కో కాలం చెప్పండి అని. మదాం సరేనంది. అన్నాక భయం పట్టుకుంది. ఎందుకో ఆమె తరువాత మెల్లగా చెప్పింది గానీ, మొదటిరోజు మాత్రం గౌన్ల గురించే చెప్పింది.

మొదటిది బూడిదరంగు పనిమనిషి గౌను. రువాన్ అనే ఊళ్ళో సొలాంజ్ తల్లి నాటక కంపెనీ బట్టలు ఉతికేది. పదిహేనేళ్ళకు బడి మానేసి సొలాంజ్ ఆ బట్టలకు ఇస్త్రీ చేసేది. ఒకసారి పనిమనిషి వేషం వేసే అమ్మాయి పెళ్ళి చేసుకుని పోయింది. కంపెనీకి ఇంకో గౌను కుట్టించే స్తోమత లేదు. ఆ గౌను ఎవరికి పడుతుందో వాళ్ళదే వేషం అన్నారు.

"నాకు నటన వచ్చా అని ఎవరూ అడగలేదు. నా నడుము ఎంత అని అడిగారు" అంది మదాం.

"మీరు కూడ బడి మానేసిన్రా మదాం?" అంది వాసంతి. ఆమెకు మిగతాదంతా వినబడలేదు, అదొక్కటే వినబడింది.

"మానేశాను. నువ్వూనా? మరి మనిద్దరం ఒకే క్లాసు."

రెండోది చుక్కల నీలం గౌను. ఇరవై రెండేళ్ళకు మొదటి సినిమా. వానలో ఆ గౌనుతో వంతెన మీద పరుగెత్తిన ఒక్క దృశ్యంతో దేశమంతా ఆమె ముఖం తెలిసిపోయింది. గోడల మీద పోస్టర్లు, పత్రికల మీద బొమ్మలు. అయితే ఆ సినిమాలో గొంతు ఆమెది కాదు. యాస పల్లెటూరిది అని ఇంకొకరి చేత మాట్లాడించారు. ఆ సంగతి ఆమె సినిమా హాల్లో టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాకే తెలుసుకుంది. లేచి, వరుసలో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికొచ్చి, నేరుగా నాటకాలకే తిరిగిపోయిందట. "అక్కడ ముఖమూ నాదే, గొంతూ నాదే."

వాసంతి ఊళ్ళోనుంచి వచ్చిన కొత్తలో విల్లాలో వంటగది దగ్గర తన మాట తీరు విని నవ్విన ఆడవాళ్ళు గుర్తొచ్చి, మనసులోనే ఆ సినిమా తీసినవాణ్ణి తిట్టింది.

మూడోది నల్లటి జడ్జి అంగీ. నలభై అయిదేళ్ళు వచ్చేసరికి అప్పుడప్పుడూ చేసే సినిమాల్లో ముసలమ్మ వేషాలే ఇస్తుంటే టీవీ సీరియల్లో జడ్జిగా చేరింది. బజారుకెళ్తే చేపలమ్మేవాళ్ళు తమ స్థలం తగాదాలు చెప్పి తీర్పు అడిగేవాళ్ళు. "ఇచ్చిన్రా?" అని వాసంతి చేతులతో అడిగింది. "ఇచ్చేదాన్ని! సగం మంది దాని ప్రకారమే రాజీ పడ్డారు" అంది మదాం గర్వంగా.

నాలుగోది ఎర్ర మఖమల్ గౌను. రాణి వేషం. దాన్ని పెట్టెలోంచి తీస్తూ మదాం చేయి ఆగింది. వాసంతి ఆ ఆగడం చూసింది. అటువంటివి ఆమె కంటికి వెంటనే పడతాయి.

ఆరోజు చెప్పలేదు. మూడో రోజు, ఎర్ర గౌను పక్కకుట్లు విప్పుతుంటే చెప్పింది. ఆ గౌను వేసుకుని, నిండు హాల్లో, రాణిలా నిలబడి ఉండగా ఒక సాయంత్రం మాటలు పోయాయట. ఒక్క మాట కాదు, అన్నీ. నోరు తెరిచి నిలబడింది. హాలంతా దగ్గు కూడా లేకుండా చూసింది. మదాం నడుచుకుంటూ తెర వెనక్కి పోయింది, గౌను మార్చుకుంది, ఇంటికి పోయింది. ఆ తరువాత మళ్ళీ రంగస్థలం ఎక్కలేదు. పదకొండేళ్ళు.

"ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఎక్కను. ఈసారి కూడా ఎక్కి దిగిపోతే, అదే నా చివరి వేషం అవుతుంది. నాకు చాలా భయంగా ఉంది" అంది మదాం.

వాసంతి నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. వాటిని ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. పెద్దవాళ్ళెవరూ ఆమెతో ఆ మాట ఇంత తేటగా అనలేదు. అందరూ ఆమె భయాన్ని చూసి నవ్వేవాళ్ళే గానీ, తమ భయం తెచ్చి ఆమె ముందు పెట్టినవాళ్ళు లేరు.

"కడుపుల తిప్పుతదా మదాం? ఇగో, ఇక్కడ?" అని తన పొట్ట మీద చేయి పెట్టి చూపించింది.

"అక్కడే! సరిగ్గా అక్కడే!" అంది మదాం, డాక్టరు రోగం కనిపెట్టినట్టు సంబరపడి.

ఆరోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. మదాం ఆమెను "మా పెతీత్" అని పిలిచేది, అంటే మా చిట్టితల్లి అని.

ఇక అయిదో గౌను. అది పెట్టెలో లేదు. ఎప్పుడో పోయింది. క్లేర్ కడుపులో ఉన్నప్పుడు మదాం ఏడో నెల దాకా నాటకం ఆడింది. పొట్ట కనబడకుండా ముందు టేబులు వెనక నిలబెట్టారు, తరువాత పియానో వెనక, చివరికి పెద్ద సోఫా తెచ్చి వేశారు. ఆ కథతోనే సాయంత్రం ముగించాలని మదాం కోరిక. వరస ప్రకారం ఎర్ర గౌనే చివరిది కావాలి. "కానీ నా కథ ఆ మౌనంతో ముగియడం నాకిష్టం లేదు. నా కూతురితో ముగియాలి" అంది.

"మీ ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఏం కడతారు? అదే తీరున గౌను కుట్టు. రంగు నీ ఇష్టం."

"రంగు నా ఇష్టమా మదాం? మీరు చెప్పుండ్రి."

"నీ ఇష్టం."

"ఒక్కసారి జెర ఫోటో పంపి అడుగనా?"

"వద్దు. ఆశ్చర్యపరచు నన్ను."

వాసంతి ఆ సాయంత్రమే ఊళ్ళో ఉన్న అత్తగారు కొమురవ్వకు వీడియో కాల్ చేసింది. కొమురవ్వ ఫోనును చెవికి ఆనించుకుని మాట్లాడుతుంది కాబట్టి తెర మీద ఎప్పుడూ ఆమె చెవే కనబడుతుంది.

"అత్తమ్మా, కడుపుతోనున్న మనిషికి ఏ రంగు మంచిగుంటది?"

"నువ్వు మళ్ళ నీళ్ళు పోసుకున్నవా!" అని అరిచింది చెవి.

"నాకు గాదు అత్తమ్మా! ఇక్కడ ఒక దొరసానికి. డెబ్బై ఏండ్లు."

"డెబ్బై ఏండ్లకా? గా దుబాయ్ నీళ్ళల్ల ఏమున్నదో ఏమో... ఆకుపచ్చ గాక ఇంకేం రంగే? నీకు శ్రీమంతం నాడు నేనేం చీర పెట్టిన? మోచేతి దాంక గాజులు ఏం రంగు ఏసిన?"

నిజమే. దానికి ఆలోచించేదేముంది? వాసంతి బజారులో సింధీ దుకాణానికి వెళ్ళి, లేత అరిటాకు రంగు పట్టు, దానికి సన్నటి జరీ అంచు ఏరుకొచ్చింది. ఛాతీ కింద కుచ్చిళ్ళు పోసి, నేల దాకా జారేలా గీసుకుంది. లోపల రెండు వేళ్ళ వెడల్పు మార్జిన్ వదిలింది, ఎంత పొట్ట కట్టుకున్నా విప్పుకునేలా.

ఆ వారమే సంజనకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. క్లేర్ డాక్టరమ్మ స్వయంగా చూసి మామూలు జ్వరమే అని చెప్పింది. అయినా వాసంతి పిల్ల నుదుటి మీద నుంచి చేయి తీస్తే గదా మిషను మీద పెట్టేది. అందుకే ప్రదర్శన రోజు మధ్యాహ్నం దాకా గౌను హుక్కులు పడలేదు. గంగాప్రసాద్ కంపెనీ వ్యానులో తల్లీకూతుళ్ళిద్దర్నీ ఎక్కించుకుని, "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ బడి హాలుకు చేర్చేసరికి తెర లేవడానికి ఇంకా రెండు గంటలుంది.

మదాం తెర వెనక అద్దం ముందు కూర్చుని ఉంది. ముఖానికి రంగు వేసుకుంటోంది. పక్కన కృష్ణవేణి ల్యాప్‌టాప్‌తో ఉంది. మదాం ఫ్రెంచిలో చెప్పే ప్రతి వాక్యానికీ వెనక తెర మీద ఇంగ్లీషు వాక్యం వేయడం ఆమె పని. ఒక్కో మీట నొక్కితే ఒక్కో వాక్యం.

"వచ్చావా మా పెతీత్! చూపించు, చూపించు!"

వాసంతి కవరు విప్పి గౌనును రెండు భుజాలూ పట్టి ఎత్తింది. దీపాల వెలుగులో ఆ ఆకుపచ్చ నిగనిగలాడింది.

మదాం చేతిలోని బ్రష్షు కింద పడింది.

ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది. రంగు వేసిన సగం ముఖం ఎర్రగా, వేయని సగం తెల్లగా ఉంది. ఫ్రెంచిలో గబగబా ఏదో అంది, లేచి, గోడ పక్కన ఉన్న మెట్ల మీద కూలబడింది. "నేను ఎక్కను" అని మాత్రం ఇంగ్లీషులో అంది.

"ఏమైందక్కా? కుట్టు పోయిందా? ఏడ పోయింది?" వాసంతి గౌనును అటూ ఇటూ తిప్పింది.

కృష్ణవేణి తల పట్టుకుంది. "కుట్టు కాదమ్మా, రంగు! ఫ్రాన్సు నాటకాల వాళ్ళు స్టేజీ మీదికి ఆకుపచ్చ రానివ్వరు. ఎప్పుడో ఒక పెద్ద నటుడు ఆ రంగు బట్టల్లో స్టేజీ మీదే కూలిపోయాడని వాళ్ళ నమ్మకం. అప్పట్నించీ ఆకుపచ్చ గుడ్డ కనబడితే చాలు, ఏదో కీడు జరుగుతుందంటారు. నేనన్నా నిన్ను అడగాల్సింది, రంగేంటని. నా బుద్ధి గడ్డి తింది."

వాసంతి గౌనును గబుక్కున కిందికి దించింది. పదకొండేళ్ళ తరువాత గడప దాకా వచ్చిన మనిషిని తనే తోసేసింది. ఆ మనిషి ఇక ఎక్కకపోతే అది తన చేతి కుట్టు వల్లే.

"మరేం ఫరవాలేదు, నేను చెప్తానుండు" అని కృష్ణవేణి మదాం పక్కన కూర్చుని ఫ్రెంచిలో నచ్చజెప్పసాగింది. ఇవన్నీ ఉత్త మాటలనీ, చదువుకున్నవాళ్ళం మనమే నమ్మితే ఎలాగనీ. మదాం తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కృష్ణవేణి చెప్పేకొద్దీ ఆమె ఇంకా ముడుచుకుపోతోంది.

ఆ ముడుచుకోవడం వాసంతికి బాగా తెలుసు. పిల్లకు జ్వరమైనప్పుడు అందరూ ఏం కాదు, ఏం కాదు అంటుంటే తను అలాగే ముడుచుకుంటుంది. ఏం కాదు అన్న మాటతో ఏ భయమూ ఎన్నడూ లేచిపోలేదు.

"అక్కా, నువ్వు ఆగు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "నిజమే అని చెప్పు."

"ఏంటి నిజమే?"

"పచ్చరంగుతోటి కీడు ఉన్నది, నిజమే అని చెప్పు. ఉన్నది గాబట్టి తీసేయాలె అని చెప్పు. మా దగ్గర తీస్తరు, నాకు తీయడం వచ్చు అని చెప్పు."

కృష్ణవేణి ఆమెను ఒకసారి తేరిపార చూసి, చెప్పింది. మదాం తలెత్తింది. మొదటిసారి ఎవరో తన మాట ఒప్పుకున్నారు.

"తీస్తావా? ఎలా?" అంది.

దిష్టి తీయడానికి ఉప్పు, ఎండుమిరపకాయలు కావాలి. బడి ముందు చాయ్ దుకాణం మలయాళీ ఆయన దగ్గరికి గంగాప్రసాద్ పరుగెత్తాడు. గుప్పెడు ఉప్పు, పోపుడబ్బాలోంచి ఎండుమిర్చి ఒక కాగితం కప్పులో వేసుకొచ్చాడు.

"తిప్పినాక నిప్పుల ఏయాలె" అంది వాసంతి.

"నీకేమన్న పిచ్చా? పైన చూడు, పొగ పసిగట్టే మిషన్లున్నయి. జెర పొగ లేస్తే నీళ్ళు కొడుతయి, ఫైరింజన్ వస్తది, నా నౌకరీ ఖలాస్."

"అయితే నాలుగు తొవ్వలు కలిసేకాడ పారేసిరా."

"గీ ఊర్ల నాలుగు తొవ్వలు కలిసేకాడల్ల రౌండబౌటే గదనే! ఆడ పారేస్తే బల్దియావోళ్ళు ఫైన్ గుద్దుతరు."

"రౌండబౌట్ పక్కపొంటి చెత్తడబ్బ ఉంటది గద, అండ్ల ఏయి. ఎనుకకు మాత్రం తిరిగి చూడకు."

వాసంతి మదాంను తూర్పు ముఖంగా కుర్చీలో కూర్చోబెట్టింది. కప్పును గుప్పిట్లో పట్టుకుని కుడి నుంచి మూడుసార్లు, ఎడమ నుంచి మూడుసార్లు తిప్పింది. తిప్పుతూ, ఊళ్ళో అమ్మ అన్నట్టే అనుకుంటూ పోయింది. పక్కింటి వాళ్ళ దిష్టి, పొరుగింటి వాళ్ళ దిష్టి, పోయేవాళ్ళ దిష్టి, వచ్చేవాళ్ళ దిష్టి. తరువాత ఇక్కడివి కూడా కలిపింది. పోస్టర్ల మీద చూసినోళ్ళ దిష్టి, టీవీల చూసినోళ్ళ దిష్టి, గొంతు మార్చినోని దిష్టి, పచ్చబట్ట దిష్టి, అన్నీ కొట్టుకపోవాలె.

"తూ తూ తూ అనమని చెప్పక్కా, కప్పులకు."

మదాం ఎంతో శ్రద్ధగా, రాణి సంతకం పెట్టినట్టు, తూ తూ తూ అంది. వాసంతి వేళ్ళు విరిచింది. పటపటమన్నాయి. "అబ్బ, ఎంత దిష్టో చూడు!" అంది.

గంగాప్రసాద్ కప్పును చేయి చాచి, పాము ఉన్న బుట్టలా పట్టుకుని బయలుదేరాడు. గేటు దగ్గర కాపలాదారు "క్యా హై భాయ్?" అని పిలవడమూ, ఇతను వెనక్కి తిరగకుండానే "నమక్, నమక్" అని జవాబిస్తూ పోవడమూ కిటికీలోంచి ముగ్గురాడవాళ్ళకూ కనబడ్డాయి. మదాం నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

నవ్వు ఆగాక అడిగింది. "ఇంతకీ ఆకుపచ్చ ఎందుకు?"

వాసంతి చెప్పింది, కృష్ణవేణి ఫ్రెంచిలోకి మార్చింది. మా దగ్గర కడుపుతో ఉన్న పిల్లకు ఏడో నెలలో ఆకుపచ్చ చీర కడతారు, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు వేస్తారు. పెద్దవాళ్ళు నెత్తి మీద చేయి పెట్టి నీ కడుపు పచ్చగుండ అంటారు. వానపడ్డ చేను ఎట్లుంటదో అట్ల ఉండమని. "మీకు కీడని నాకు ఎర్క లేదు మదాం. నేను దీన్ని ఇంటికి తీస్కపోత. మీరు చుక్కల గౌనుతోటే చెప్పుండ్రి."

మదాం గౌను అంచు వేళ్ళతో పట్టుకుని కాసేపు చూసింది. తరువాత అద్దం ముందుకు పోయి మిగిలిన సగం ముఖానికి రంగు వేసుకోవడం మొదలుపెట్టింది.

"గౌను ఇక్కడే ఉండనీ" అంది. "భయం పోయిందని కాదు. కానీ ఇప్పుడు భయంతో పాటు ఇంకో మనిషి కూడా ఉంది. ఇక మా పద్ధతి కూడా ఒకటుంది, అది కూడా చెయ్యాలి. తెర లేచే ముందు మేము శుభం అనుకోం. ఒక చెడ్డ మాట అంటాం. నువ్వు అను."

కృష్ణవేణి ఆ మాట వాసంతి చెవిలో చెప్పింది, అశుద్ధమని అర్థం కూడా చెప్పింది.

"ఛీ! పెద్దమనిషిని పట్టుకొని గా మాట అంటనా?"

"అనకపోతే ఎక్కను" అంది మదాం.

వాసంతి కళ్ళు మూసుకుని, "మెర్ద్" అనేసింది. అని నాలుక కరుచుకుంది. మదాం కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పకూడదట.

హాలు నిండింది. ఫ్రెంచి వాళ్ళు, అరబ్బులు, ఆసుపత్రి డాక్టర్లు, ముందు వరసలో క్లేర్. వాసంతి తెర పక్కన చీకట్లో సంజనను చంకన వేసుకుని నిలబడింది. మదాం బూడిద గౌనులో పదిహేనేళ్ళ పిల్లలా నడిచింది. చుక్కల గౌనులో వానలో పరుగెత్తింది. వాన లేదు, వంతెన లేదు, అయినా ముందు వరసలో ఒకామె తన శాలువా కప్పుకుంది. జడ్జి అంగీలో చేపలవాళ్ళకు తీర్పు చెప్తే హాలు గొల్లుమంది. ఎర్ర గౌను వచ్చేసరికి వాసంతి ఊపిరి బిగబట్టింది. మదాం ఆ మౌనం ఉన్న చోటు చెప్పింది, ఒక్క క్షణం ఆగింది, దాటేసింది.

ఇక మిగిలింది ఒక్కటే. తెర చాటున వాసంతి గబగబా ఆకుపచ్చ గౌను హుక్కులు పెట్టింది. హుక్కులు ఎట్లా పడ్డాయో ఇద్దరికీ తెలియదు.

మదాం వెలుగులోకి వెళ్ళింది. హాల్లో ఫ్రెంచి వాళ్ళు ఒక్కసారిగా "ఓ!" అన్నారు. వెనక తెర మీద కృష్ణవేణి తరువాతి వాక్యం వేసింది. ఆ సంవత్సరం నాకు ఏడో నెల, అని.

మదాం నోరు తెరిచింది. మాట రాలేదు.

హాలు చూస్తోంది. దగ్గు కూడా లేదు. కృష్ణవేణి మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. వాసంతి సంజనను ఎంత గట్టిగా అదుముకుందంటే పిల్ల "అమ్మా, నొస్తుంది" అంది. మదాం తెర వెనక్కి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. వాసంతికి ఆ భాషలో ఒక్క మాటే తెలుసు. దాన్నే పెదవులతో, శబ్దం లేకుండా అంది.

మదాం ఆ పెదవుల్ని చూసింది. కిందికి చూసింది, ఆకుపచ్చ పట్టు పాదాల దాకా జారి మెరుస్తోంది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. హాలు వైపు తిరిగి, కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టి చూపిస్తూ ఏదో మొదలుపెట్టింది. ఆ ప్రవాహంలో వాసంతికి అర్థమైంది ఒక్క మాటే. "వాసంతీ."

"అక్కా, నా మీద చెప్తుందా? ఏమంటుంది?"

"నాకేం తెలుసే! ఇది కాగితంలో లేదు!" కృష్ణవేణి మీటలు ముందుకూ వెనక్కూ నొక్కుతోంది. తెర మీద సోఫా వచ్చింది, పియానో వచ్చింది, మళ్ళీ ఏడో నెల దగ్గరికే వచ్చింది. చివరికి చేతులెత్తేసింది.

ఫ్రెంచి రానివాళ్ళ సంగతి మదాంకు కనబడింది కాబోలు, మాటలు తగ్గించి చేతులు పెంచింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అమ్మాయిని చూపించింది. గౌను చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగిన ముసలి నటిని చూపించింది. కప్పు పట్టుకుని కుడి నుంచి మూడుసార్లు, ఎడమ నుంచి మూడుసార్లు తిప్పి, తూ తూ తూ అంది. ఒక వరసలో కూర్చున్న అరబ్బు ఆడవాళ్ళు తమలో తాము తలలూపుకున్నారు, ఇది మాకూ తెలిసిన పనే అన్నట్టు. ఆ తరువాత ఆమె ఒక కప్పును చేయి చాచి పట్టుకుని, మెడ బిగించి, వెనక్కి తిరగకుండా స్టేజీ చుట్టూ నడిచింది. రౌండబౌటు దగ్గర చెత్తడబ్బా మూత ఎత్తి, అందులో వేసి, దండం పెట్టింది.

హాలు పొట్ట పట్టుకుంది.

"గిది నేనేనా? నేను గట్ల నడిశిన్నా?" అన్నాడు గంగాప్రసాద్ వాసంతి వెనకనుంచి.

"ఇంక అధ్వానంగ నడిశినవు" అంది వాసంతి, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు మదాం మెల్లగా పొట్ట మీద చేయి పెట్టుకుంది. నవ్వులు సద్దుమణిగాయి. తెలుగులో, ఎలా గుర్తుపెట్టుకుందో గానీ, తప్పులతడకగా "కడుపు పచ్చగుండ" అంది. దానర్థం తన భాషలో చెప్పింది, ముందు వరసలో కూతురి వైపు చూసింది. అక్కడినుంచి ఏడో నెల, టేబులు, పియానో, సోఫా అన్నీ తమంతట తామే వచ్చేశాయి. కృష్ణవేణి పరుగులాంటి వేళ్ళతో మీటలు నొక్కింది. ఒక్క వాక్యం తప్పిపోలేదు.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. మదాం మూడుసార్లు లోపలికి వచ్చి మూడుసార్లు మళ్ళీ పోవాల్సి వచ్చింది. ఆఖరిసారి వచ్చినప్పుడు వాసంతి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, "రేపటి నుంచి ఏం చేద్దాం?" అంది. ఆమెకు అప్పుడే ఇంకో సాయంత్రం కావాలి.

పది రోజులకు ఆ సాయంత్రం కుదిరింది. అబూ ధాబీలో ఇంకా పెద్ద హాలు వాళ్ళు ఫోను చేసి అడిగారు. మదాం ఫోను చెవి దగ్గర పెట్టుకునే, చుక్కల గౌనుకు జిప్పు మారుస్తున్న వాసంతికి సంతోషంగా సైగ చేసి చెప్పింది. వచ్చే నెల, మంగళవారం.

వాసంతి ముఖం పాలిపోయింది. "మంగళవారమా మదాం?" అంది. అని, ఎందుకన్నానా అని భయపడింది.

మదాం ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది. ఎందుకని అడగలేదు. ఫోనులో ఏదో అంది, అవతలివాళ్ళు ఏదో అన్నారు, మళ్ళీ ఏదో అంది. చివరికి బుధవారానికి ఖాయమైంది.

"ఏమని చెప్పిన్రు మదాం వాళ్ళకు?"

"ఏముంది, మంగళవారం మంచిది కాదన్నాను" అంది మదాం సొలాంజ్, లోకంలో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.